ఎల్లవ్వ రాణి లగ్గం

ఒగ్గు కథ చెప్పేవాడికి ఇనుప గొట్టాలు మోసే పని ఇచ్చి సముద్రం ఒడ్డున నిలబెడితే ఏమవుతాడు? ఏమీ కాడు. గొట్టాలు మోస్తాడు. మెట్‌పల్లి దగ్గరి పల్లెలో తాత నుంచి తండ్రికీ, తండ్రి నుంచి తనకూ వచ్చిన డోలును ఇంటి దూలానికి వేలాడదీసి బాలన్న సౌదీలోని జుబైల్ వచ్చి అయిదేళ్లు. ఫ్యాక్టరీల్లో ఏటా మిషన్లు ఆపి మరమ్మతులు చేసే రోజుల్లో ఫిట్టర్లూ వెల్డర్లూ ఎక్కి నిలబడడానికి గొట్టాలతో మంచెలు కట్టడం అతని పని. ఈ అయిదేళ్లలో ఎన్ని మంచెలు కట్టాడో అతనికే తెలియదు గాని, కథ మాత్రం ఒక్కటీ చెప్పలేదు. దేవుడు మల్లన్న పేరు ఎత్తకుండా ఒగ్గు కథ మొదలుకాదు. ఆ దేశంలో వేరే మతం దేవుళ్ల పేర్లు పైకి ఎత్తకూడదు. అక్కడితో సరి.

తొంభై ఒకటి జనవరిలో కువైట్ కోసం యుద్ధం మొదలైంది. పని ఆగింది. క్యాంపు గేటు మూసేశారు. పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉన్నాయి, ఆ బీరువా తాళం వీసాలిచ్చిన అరబ్బు యజమాని, అంటే కఫీల్ దగ్గర ఉంది, కఫీల్ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. గ్యాసు బాంబులు పడతాయని చెప్పి ఆఫీసు వాళ్లకు ముసుగులిచ్చారు. కూలీలకు మాత్రం తువ్వాళ్లు తడిపి ముక్కుకు కట్టుకోమన్నారు. కిటికీలకు అంటించడానికి గదికో టేపు చుట్ట ఇచ్చారు. కూలివాడి ప్రాణానికి తడిగుడ్డే ఎక్కువ అనుకున్నారు కాబోలు.

నలభై మంది తెలుగువాళ్లు రేకుల గదుల్లో పొద్దస్తమానం కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. సైరన్ మోగితే మంచాల కింద దూరేవారు, ఆగితే బయటికొచ్చేవారు. నాలుగో రోజుకి ఒకడు తిండి మానేశాడు, ఇంకొకడు గోడతో మాట్లాడసాగాడు. అప్పుడు బాలన్న పై మంచం స్వామి అడిగాడు, ఒక కథ చెప్పరాదా అని. స్వామి కామారెడ్డి వైపు వెల్డరు. చిన్నప్పుడు ఊళ్లో ఒగ్గు కథ విన్నవాడే.

క్యాంపు బాధ్యత చూసే ఖాజాది హైదరాబాద్. చెడ్డవాడు కాదు. ఏణ్ణర్థం కిందట గదుల్లో సోదా జరిగి దేవుళ్ల పటాలు పట్టుకుపోయినప్పుడు మాట పడ్డది అతనే. అందుకని ఈ మాట చెవిన పడగానే పరుగున వచ్చాడు.

"బాలన్నా, దేవుని కత జెప్తే నువ్వు ఖతం, నేను ఖతం. రాజుల్ది చెప్పు, రాణుల్ది చెప్పు. నాకేం పరేషాన్ లేదు."

"నాకు రాణుల కతలు రావు ఖాజా బాయి."

రాణిని తెచ్చిచ్చినవాడు అమ్మిరాజు. భీమవరం పక్క మనిషి, స్టోర్ కీపర్, ఇంగ్లీషు చదువుకున్నవాడు. యుద్ధానికి ముందే పెట్టె సర్దుకుని పోయిన ఇంగ్లీషు సేఫ్టీ ఆఫీసరు తన గదిలో ఒక బొమ్మల పుస్తకం వదిలిపోయాడు. వాళ్ల దేశపు రాజుల చరిత్ర. అమ్మిరాజు దాన్ని చంకన పెట్టుకొచ్చి, తెల్లటి మొహమూ ఎర్రజుట్టూ మెడ చుట్టూ ఇస్త్రీ మడతల పట్టీ ఉన్న ఒకామె బొమ్మ చూపించాడు.

"ఈవిడ కథ చెప్పుకో బాలన్నా. నాలుగొందల ఏళ్ల కిందటి రాణి. తండ్రి పోయాక తమ్ముడు రాజయ్యాడు, తమ్ముడు పోయాక అక్క ఏలింది, అక్క పోయాక ఈవిడ వంతొచ్చింది. అప్పటికి పాతికేళ్లు. నలభై నాలుగేళ్లు ఏలింది. పెళ్లి మాత్రం చేసుకోలేదు."

"ముసల్దయేదాక?"

"పోయేదాకా."

బాలన్న బొమ్మను చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు. "గట్లెట్ల రాజు సారూ? లగ్గం లేని కత మూయరాదు."

ఇది అతను సరదాకు అన్న మాట కాదు. దేవుడి కథైనా మనిషి కథైనా అందులో లగ్గం జరిగేదాకా ఒగ్గువాడు డోలు కింద పెట్టడు. పెడితే చెప్పినవాడి ఇంటికీ విన్నవాడి ఇంటికీ మంచిది కాదంటారు. ఇంకో కట్టడి కూడా ఉంది. ఒకసారి డోలు మీద చెయ్యి వేసి చెప్పిన కథను మళ్లీ మార్చకూడదు. మారిస్తే నాలుక కుళ్లిపోతుందని బాలన్న తండ్రి చెప్పేవాడు. పుస్తకంలో ఉన్నది ఇంకా ఎవరూ డోలు మీద చెప్పలేదు కాబట్టి దాన్ని ఎట్లా తిప్పుకున్నా దోషం లేదు.

"ఎవ్వడు అడుగలేదా ఈమెను?" అన్నాడు.

"అడక్కేం, బోల్డంత మంది. పదిహేనేళ్లప్పుడే ఒకడు ఎగబడ్డాడు. ఓడల మీద పెద్ద అధికారి. వాడి తల తీయించేశారు."

బాలన్న కళ్లు మెరిశాయి. "ఇగ దొరికిండు పిల్లగాడు. తమ్ముడు ముందుగాలనే పోయిండనుకో. అక్కను దేశం దాటిచ్చినరనుకో. పద్నాలుగేండ్లకే ఈమె రాణి. పదిహేనేండ్లకు ఓడల దొరతోని లగ్గం."

"అప్పుడు చరిత్రే మారిపోద్ది బాలన్నా."

"మారనియ్యి."

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. ఆ లెక్కన బాలన్న ఆడినవి రెండే.

తొలి శుక్రవారం మధ్యాహ్నం డోలుకు బదులు ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి మొదలుపెట్టాడు. రాణి పేరు పుస్తకంలో బారెడు ఉంది, అది నోరు తిరగక ఎల్లవ్వ అన్నాడు. ఆ పేరెందుకు వచ్చిందో ఎవరూ అడగలేదు, అతనూ ఆలోచించలేదు. పదేళ్ల రాజుకు దగ్గు పట్టింది. వైద్యులు వచ్చారు, మంత్రులు వచ్చారు, తలగడ దగ్గర నిలబడి కిరీటం వైపు చూశారు. రాజు పోయాడు. పెద్దక్కది వేరే మతమని చెప్పి తెల్లారేసరికి ఓడ ఎక్కించారు. అరుగు మీద బొమ్మలాడుకుంటున్న ఎల్లవ్వను లేపుకొచ్చి గద్దె మీద కూర్చోబెట్టారు. కాళ్లు నేలకు అందలేదు. ఒక మంత్రి పీట తెచ్చి వేశాడు. బాలన్న గొంతు అయిదేళ్ల తుప్పు వదిలించుకుని రేకు గది దాటి వెళ్లింది, పక్క గదుల బంగ్లాదేశ్ వాళ్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆ మూడు గంటలు యుద్ధం ఎవరికీ గుర్తు లేదు.

ఆ మరుసటి సోమవారం ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. నెల రోజుల కిందట రాసినది. రాసినవాడు బాలన్న తమ్ముడు దుర్గయ్య. స్వామి చదివి వినిపించాడు.

ఉత్తరంలో సంగతి ఒక్కటే. బాలన్న బిడ్డ పుష్పకు పద్నాలుగు నిండాయి, కోరుట్ల నుంచి మంచి సంబంధం వచ్చింది, శివరాత్రి పోయిన ఎనిమిదో రోజున ముహూర్తం ఉంది. అక్కడ యుద్ధం అంటున్నారు. నీకేమన్న అయితే ఏడాది దాకా ఇంట్లో లగ్గం చేయరాదు, పిల్లగానోళ్లు అంతదాకా ఆగరు, తండ్రి లేని పిల్లను తర్వాత ఎవరడుగుతరు. అందుకని నువ్వు ఉండంగనే చేసేద్దాం. నువ్వు ఊ అనేదాక పదిమందిలో మాట ఖాయం చెయ్యం.

స్వామి ఉత్తరం మడిచి, "నువ్వు ఉండంగనే అని రాసిండు సూడు, నీ తమ్ముడు మంచోడే" అన్నాడు. నవ్వుదామనుకున్నాడు గాని నవ్వు రాలేదు.

పుష్ప ఏడో తరగతి. రెండేళ్ల కిందట సెలవు మీద పోయి బాలన్న ఆమెను చివరగా చూసినప్పుడు పన్నెండేళ్లు, చేతికి అందిన ప్రతి కాగితమూ చదివేది. పదో తరగతి అయ్యేదాకా పెళ్లి మాట ఎత్తవద్దని పోయినసారి అతనే చెప్పి వచ్చాడు. ఇప్పుడు కిటికీకి అంటించిన టేపు చూశాడు, తలుపు మీద వేలాడుతున్న తడి తువ్వాలు చూశాడు. రేపో మాపో పోయేవాడు ఎల్లుండి సంగతి ఎట్లా కాదంటాడు?

ఉత్తరానికి నెల పట్టే ఆ రోజుల్లో ఊ అనడానికి గల్ఫ్ కూలీలకు అలవాటైన దారి ఒకటే. క్యాసెట్‌లో మాట్లాడి, ఇంటికి పోయే మనిషి చేతికివ్వడం. కడప చెంచయ్యకు మూత్రంలో రాయి అడ్డం పడింది, ఆసుపత్రి కోసం అతని పాస్‌పోర్టు యుద్ధానికి ముందే బయటికి తీశారు గనక కంపెనీ ఇంటికి పోవడానికి ఎక్సిట్ ఇచ్చింది. ఆదివారం జిద్దా బస్సెక్కుతాడు, అక్కడి నుంచి బొంబాయి. క్యాంపంతా క్యాసెట్లు పట్టుకుని అతని మంచం చుట్టూ చేరింది.

రెండో శుక్రవారం కథలో లగ్గం. పుష్ప వింటుందని బాలన్న టూ-ఇన్-వన్ పక్కన పెట్టుకుని, కథ మొత్తం ఎక్కేటట్టు కొత్త క్యాసెట్ వేయించాడు. పోయిన వారం జరిగిందంతా ముందు ముక్తసరిగా చెప్పి, తర్వాత పెళ్లిచూపుల్లోకి దిగాడు. ఆడపిల్ల ఏలిక మాకొద్దని మంత్రులు గోల పెట్టారు. మొగుణ్ని తెస్తే ఊరుకుంటామన్నారు. అప్పుడు ఓడల దొర వచ్చాడు, ఎర్ర గడ్డం, బంగారు మొలతాడు. ఇంతకీ ఆ దొర ఎవరంటే, ఎల్లవ్వ సవతి తల్లిని రెండో పెళ్లి చేసుకుని ఆమె పోగా మిగిలినవాడు.

కథ అక్కడ ఆగింది. ఆపినవాడు స్వామి.

"ఆగే బాలన్నా. సవతి తల్లి మొగడంటె తండ్రి వరుస గదనే."

"అవును, వరుస కుదరదు" అన్నారు నలుగురు. బాలన్న అమ్మిరాజు వైపు చూశాడు. పుస్తకంలో అట్లాగే ఉందని అమ్మిరాజు చేతులు విప్పాడు.

"దొరలకు వరుసెక్కడిది? పెద్దలందరు ఒక్కటై చెయ్యాలె అనుకున్నంక వరుస అడిగేదెవరు, పిల్లను అడిగేదెవరు?" అని బాలన్న డబ్బా మీద రెండు దెబ్బలు వేశాడు. అందరూ నవ్వారు. కథ సాగిపోయింది.

ఆ లగ్గం మామూలు లగ్గం కాదు. లండన్‌లో పచ్చని పందిరి వేశారు, నది మీద ఓడలు బారులు తీరాయి, ఎల్లవ్వకు పసుపు రాశారు, మంగళస్నానాలు చేయించారు, తలంబ్రాల బియ్యం అయిదు బస్తాలు. నలభై మంది మగవాళ్లు చేతుల్లో బియ్యం లేకపోయినా చేతులెత్తారు. కొందరికి కళ్లనీళ్లు వచ్చాయి. బాలన్న చెమటతో తడిసి, ఊగిపోతూ, ఆ ఊపులోనే టేపు దగ్గరికి వంగాడు.

"దుర్గయ్యా, నీ జాబందింది. పిల్ల లగ్గం చెయ్యి. నాకోసం ఆగకు. నాకేమన్న గానీ కాకపోనీ, నా మాట ఇదే. పదిమందిల ఈ టేపు పెట్టి ఇనిపియ్యి."

కథలో పెళ్లి చేసిన నోటితోనే ఇంట్లో పెళ్లి కూడా చేసేశాడు. చెంచయ్య ఆదివారం ఆ క్యాసెట్ పట్టుకుని బస్సెక్కాడు.

లగ్గంతో డబ్బా కింద పెట్టేస్తే పోయేది. కట్టడి తీరింది, ఎవరూ తప్పు పట్టరు. కాని యుద్ధం తీరలేదు. గేటు తెరవలేదు. మళ్లీ శుక్రవారం వచ్చేసరికి అందరూ వచ్చి కూర్చున్నారు. రాణికి కొడుకు పుట్టాలె గదా అన్నారు. కథకుడికి ఇంకా చెప్పు అనే మాట ఉంది చూశారూ, తాగేవాడికి ఇంకో గ్లాసు లాంటిది. బాలన్న కూర్చున్నాడు.

పెళ్లైన మర్నాడు ఓడల దొర రాణి వేలి నుంచి రాజముద్ర తీసి తన వేలికి పెట్టుకున్నాడు. నీకు బరువు అన్నాడు. ఖజానా తీసి ఓడలు కట్టించాడు, పక్క దేశం మీదికి పంపాడు, అవి మునిగాయి. జనం ఎల్లవ్వను తిట్టారు. ఎల్లవ్వకు ఆ సంగతులేవీ ఎవరూ చెప్పలేదు. ఆమె పుస్తకాలు అటక మీద పెట్టించారు. ఏడాది తిరిగేసరికి కడుపుతో ఉంది. ఇక్కడిదాకా బాగానే సాగింది, వినేవాళ్లు ఊ కొడుతున్నారు, కొడుకా బిడ్డా అని పందేలు కూడా కాసుకున్నారు.

నొప్పులు మొదలయ్యాయని చెప్పాడు బాలన్న. తర్వాత అతని గొంతు మారింది. పాట పోయి మాట మిగిలింది.

"నొప్పులు రెండొద్దులు పట్టినయి. మంత్రసాని నావల్ల గాదన్నది. బండి కట్టిండ్రు. మెట్‌పల్లి తొవ్వ. బండిల గడ్డి పరిచిండ్రు, గడ్డి మీద గోనెసంచి. వాన పడ్డది. పెద్దొర్రె వాగు కాడ చక్రం దిగబడ్డది. నేను ఎనుక నడుస్తున్న. సంచిలకెల్లి కారుతున్నది. వాన నీళ్లనుకున్న. తొవ్వ పొడుగూత ఎర్రగ..."

ఇంగ్లండులో ఎడ్లబండి ఏమిటని ఎవరూ అడగలేదు. డబ్బా మీద చెయ్యి కదలడం లేదు. బాలన్న గోడ వైపు చూస్తూ చెప్పుకుపోయాడు. ఆసుపత్రి కనబడుతుండగానే ఎల్లవ్వ పోయింది. పదహారేళ్లు. లోపలి శిశువూ పోయింది. బండి అక్కడే వెనక్కి తిప్పారు.

ఎల్లవ్వ అతని అక్క. ఆమె పోయేనాటికి బాలన్నకు తొమ్మిదేళ్లు. ఆ పేరు నలభై ఏళ్లుగా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. తను మరిచిపోయాననే అనుకుంటూ వచ్చాడు.

 బాలన్న ఒక్కసారిగా లేచి చెప్పులు వేసుకోకుండా స్టోరు గదికి పోయాడు.

"రాజు సారూ, నా టేపు ఎనుకకు తెప్పియ్యాలె."

"చెంచయ్య బస్సెక్కి అయిదు రోజులైంది బాలన్నా. ఈపాటికి బొంబాయి దిగి టేపు మీ ఊరికి పోస్టులో వేసేసుంటాడు."

"పిల్ల లగ్గం ఆపాలె. నేనే చెయ్యిమన్న. నా నోటితోని. ఆపాలె సారూ, మీ కాల్మొక్త."

కాళ్ల మీద పడబోతుంటే అమ్మిరాజు భుజాలు పట్టి లేపాడు. ఊళ్లో ఫోను లేదు. మెట్‌పల్లికి ట్రంకు కాల్ అంటే లైన్లన్నీ మిలిటరీ చేతిలో ఉన్నాయి. మిగిలింది తంతి. ఖాజాను బతిమాలి, గేటు తీయించి, మర్నాడు పొద్దున కంపెనీ పికప్‌లో ముగ్గురూ తపాలా ఆఫీసుకు పోయారు. దారి పొడవునా అమెరికా ట్యాంకులు. అమ్మిరాజు ఇంగ్లీషులో రాశాడు. పెళ్లి ఆపండి, చేయవద్దు, నేను క్షేమం, బాలన్న. కౌంటర్ దగ్గరి గుమాస్తా వారం పట్టొచ్చన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, ఆకులంటూ దొరికాయి. లగ్గానికి ఇంకా పదకొండు రోజులుంది. అందుతుందిలే అన్నాడు అమ్మిరాజు. బాలన్న తిరుగు దారిలో తనే మూడుసార్లు అదే మాట అనుకున్నాడు.

ఆ ఫిబ్రవరి అంతా అతను రోజులు లెక్కపెట్టాడు. నెలాఖరుకు యుద్ధం ముగిసింది, గేటు తెరిచారు, మళ్లీ గొట్టాలు మోయించారు. కువైట్‌లో నూనె బావులు తగలబడుతున్నాయి. గాలి ఇటు తిరిగిన రోజు మధ్యాహ్నమే చీకటి పడేది, ఆరేసిన బట్టల మీద మసి వాలేది. కబురు లేదు. కబురు లేకపోవడం మంచికే అన్నాడు స్వామి. ఆపినవాళ్లు కోపంగా ఉంటారు, ఎందుకు రాస్తారు?

ఏప్రిల్‌లో మెట్‌పల్లి నుంచి కొత్తగా వచ్చిన మేస్త్రీ ఒకడు క్యాసెట్ తెచ్చిచ్చాడు. పని దిగి వచ్చి, స్నానం కూడా చేయకుండా బాలన్న దాన్ని టూ-ఇన్-వన్‌లో పెట్టాడు. పై మంచం మీద స్వామి ఉన్నాడు.

డప్పులు వినబడ్డాయి.

 సన్నాయి, ఆడవాళ్ల పాటలు, పిల్లల అరుపులు. అయ్యగారు మంత్రాల మధ్యలో ఆగి, పిల్ల తల్లి రావాలె, పసుపు పెట్టాలె అన్నాడు. ముత్తెవ్వా రావే అని ఎవరో పిలిచారు. మళ్లీ పిలిచారు. గోడకాడ నిలవడ్డది, రానంటున్నది అని ఇంకెవరో అన్నారు. అయ్యగారు విసుక్కున్నాడు. దుర్గయ్య గొంతు, ఆమెకు పానం మంచిగ లేదు, నా భార్య పెడుతదిలే అని తొందరగా సర్దేసింది. డప్పులు మళ్లీ మొదలయ్యాయి.

"తంతి అందలె" అన్నాడు స్వామి.

 భార్య ముత్యవ్వ తన మీద కోపంతోనే గోడ దగ్గర నిలబడిందనుకున్నాడు బాలన్న. కోపమైతే బాగుండునని కూడా అనుకున్నాడు. క్యాసెట్ తిప్పి రెండో వైపు పెట్టాడు. కాసేపు గరగర, తర్వాత భార్య గొంతు, టేపు రికార్డరుకు మరీ దగ్గరగా.

"ఓ పుష్ప నాయినా, ఇనవడుతుందా? నేనే. ఇంట్ల ఎవ్వరు లేరు. లగ్గానికి రెండొద్దులుందనంగ తంతి వచ్చింది. పోస్టాయన సౌదీకెల్లి అన్నడు. తంతి ఎన్నడన్న మంచి చెప్పిందా మనకు? బొంబైల మా అన్న పోతే తంతే వచ్చె. దుబాయిల గంగన్న కొడుకు పోతే తంతే వచ్చె. మరిది దాన్ని విప్పకుంటనే పట్టుకున్నడు. విప్పితె సూతకం వదినె, విప్పకపోతె మనకింక తెల్వనట్టే అన్నడు. పందిరి పడ్డది. సుట్టాలు దిగిండ్రు. అన్న ఆఖరి మాట టేపుల ఉన్నది, లగ్గం చెయ్యిమన్నడు, గా మాటన్న నిలవెడుదాం అన్నడు. నేనే తీసుకపోయి వడ్ల గుమ్మిల బొంద పెట్టిన."

 టేపులో ఎక్కడో కోడి కూసింది.

"రెండొద్దులు నువ్వు లేవనుకున్న. బొట్టు పెట్టుకున్న, గాజులేసుకున్న, అచ్చినోళ్లకు అన్నం పెట్టిన, నవ్విన. గని పిల్లకు పసుపు పెట్టేందుకు చెయ్యి రాలె. ముండమోసినదాని చెయ్యి తాకితె దానికి సుత గదే రాత పడుతదని భయపడ్డ. గోడకాడ నిలవడ్డ. బిడ్డ లగ్గం పరాయిదాని లెక్క చూసిన. పిల్ల నన్నే చూసుకుంట కూసున్నది. అప్పగింతలైనంక బడి సారును పిలిపిచ్చి గుమ్మిలకెల్లి తీసి ఇచ్చిన. సారు సదివి, ఏడ్వకు ముత్తెవ్వా, బాలన్న మంచిగున్నడు అన్నడు.  నవ్విన. పిచ్చిదాని లెక్క నవ్విన. గప్పుడు సారు మల్ల కాయితం చూసి, లగ్గం ఆపుమని రాసిండు గద, ఏం చేసిండ్రు మీరు అన్నడు."

బాలన్న రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆపమని పంపిన కాగితమే పెళ్లిని ఆగకుండా జరిపించింది. వాళ్లు పుష్పను పట్టించుకోక కాదు, అతని మాట తీసెయ్యలేక, అతని చావును రెండు రోజులు గుమ్మిలో దాచి పెళ్లి చేశారు. ఎవరిని తిట్టాలి?

"నువ్వు బతికున్నవు, నాకు గంతే చాలు" అంటోంది ముత్యవ్వ. "గని ఎందుకు ఆపుమన్నవయ్యా? నువ్వే చెయ్యిమంటివి. ఉగాదికి పిల్లను అత్తగారింటికి తోలిచ్చినం. పోయేటప్పుడు ఏడ్వలె. నీ రాణి కత టేపు సంచిల పెట్టుకొని పోయింది. కత లగ్గం కాడనే ఆగిపోయిందట. తర్వాత ఆ రాణి ఏమైందో బాపును చెప్పి పంపుమన్నది. మర్వకుంట పంపు."

టేపు చివరిదాకా తిరిగి టక్కున ఆగింది. బయట పొద్దు గూకకముందే దీపాలు వేశారు, పొగ అంతగా కమ్మింది.

 బాలన్న పెట్టెలోంచి కొత్త క్యాసెట్ తీసి, పైకాగితం చింపి, లోపల పెట్టి ఎర్ర బటను నొక్కాడు. పెయింటు డబ్బా ఒళ్లోకి తీసుకుని దాని మీద చెయ్యి వేశాడు. 

"బిడ్డా పుష్పా, బాపును. కత అడిగినవట. ఇను. లగ్గమైనంక ఎల్లవ్వ రాణికి కడుపైంది. పదహారేండ్లు." అక్కడ ఊపిరి తీసుకున్నాడు. "నొప్పులు ఒక్క పూటనే పట్టినయి బిడ్డా. వాన లేదు. తొవ్వ మంచిగుండె. బండి బురదల దిగవడనే లేదు. దవాఖాన్ల నర్సమ్మ చెయ్యి పట్టుకున్నది. కొడుకు పుట్టిండు, కేరుకేరుమన్నడు. రాణి లేసి కూసున్నది. అటక మీది పుస్తకాలు తెమ్మన్నది..."

పై మంచం మీది నుంచి స్వామి తల కిందికి వంచాడు. ఆ శుక్రవారం అతనూ విన్నాడు. మారిస్తే నాలుక కుళ్లిపోతుందన్న కట్టడి అతనికీ తెలుసు.

"కత మారుస్తున్నవు బాలన్నా."

"మారుస్తున్న" అన్నాడు బాలన్న, టేపు ఆపకుండానే.